విమానం టికెట్టుకి పసుపు

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి మూడేళ్లు. విశాఖ నుంచి విజయవాడకి మళ్లీ ఒక చిన్న కంపెనీ విమానం మొదలైంది. "ఎన్ని మూతపడినా సిన్న కంపెనీలకి రోజులొస్తాయి సూడు బావా" అని నువ్వంటే, నేను పక్క కొట్లో బస్సు టికెట్లు రాసుకుంటూ, పెద్దవి మింగేస్తాయని నవ్వేవాణ్ణి. నీ మాటే నెగ్గిందని కుళ్లుకుంటూనే దాని ఏజెన్సీ తీసుకుని, నువ్వు విమానం టికెట్లు అమ్మిన నీ కొట్లో కూర్చున్నాను.

మొదటి టికెట్టు గరివిడి రైతుకి ఇచ్చాను. "పసుపెట్టనేదేటి బాబూ? మీ బావయితే మూలకి రాసి ఇచ్చీవోడు" అన్నాడు.

నీ సొరుగులో పసుపు భరిణె అలాగే ఉంది. తీసి రాశాను. ఆయన టికెట్టు జేబులో పెట్టుకుని, "ఆయన సెయ్యి వేరులే" అన్నాడు.

పోయినవాడివి పోక, నా మొదటి బేరం కూడా నువ్వే పట్టుకుపోయావు బావా.