సోడాలో గ్యాసెంత

ఆదివారం, పోర్ట్ బ్లెయిర్

సాయంత్రం మా అమ్మాయి సోడా సీసాను వంటింటి తూకం మీద పెట్టింది. తర్వాత మూత తీసి, గ్యాసంతా పోయేదాకా మెల్లగా కదిపి, మూతతో సహా మళ్ళీ తూచింది. మూడు గ్రాములు తగ్గింది.

"దేఖో తాతా, ఇంత గ్యాసుంది!"

మాయాబందర్‌లో గోలీసోడా కొట్టు నడిపిన రోజుల్లో నాన్న ఏదీ తూచేవాడు కాదు. గోలీ నొక్కగానే వచ్చే కూతను బట్టి గ్యాసెంతో చెప్పేసేవాడు. ఆ కూత కోసమే నేను బడి నుంచి పరిగెత్తుకొచ్చేదాన్ని.

ఇంకో సీసా చేతికిచ్చాను. "నువ్వు విని చెప్పు నాన్నా."

చెవి దగ్గర పెట్టుకుని మూత తిప్పాడు. సీసా గట్టిగా బుస్సుమంది. అప్పటికి గుమ్మం దాకా వెళ్ళిన నాకే వినబడింది.

"గేసు లేదేటమ్మా దీంట్లో? సప్పుడే రాలేదు."

అమ్మాయి నా వైపు చూసింది.

"పాత సరుకేమో నాన్నా" అనేశాను. నిజం ఎలా చెప్పాలో...