నేను లేని లైవ్ క్లాసు

జూన్ 8, ఆదివారం

అవ్వ నా కోసం ప్రార్థన పెట్టించింది, నాకు ఒక్క మాట చెప్పకుండా. చర్చిలో ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం మొత్తం నా చుట్టూ చేరి తల మీద చేతులు పెట్టారు. గ్రేస్ నోటికి పడ్డ తాళం తియ్యి ప్రభువా అని సమ్మక్క పెద్దమ్మ కన్నీళ్లతో వేడుకుంది. నా జడ ఆవిడ గాజుల్లో చిక్కుకుంది.

ఇంటికొచ్చి అడిగితే అవ్వకే కోపం. పొద్దుగాల లేస్తవు, గా లాప్‌టాప్ డబ్బ ముందల కూసుంటవు, నోట్లకెల్లి ఒక్క మాట రాదు, కన్నతల్లిని, నాకు భయమైతది బిడ్డా అన్నది. పోయినేడు ఇదే అవ్వ, జర మెల్లగ మొత్తుకో, మీ బాపు ఇప్పుడే డ్యూటీ దిగి పండిండు అని నా నోరు మూసేది.

నేను మూగబోలేదు. క్లాసు చెప్తున్నాను. ఎలా చెప్తున్నానో ఇంట్లో చెప్పలేను, అంతే.

జూన్ 9, సోమవారం

ఇక్కడైనా రాసుకుంటాను.

హైదరాబాద్‌లో జర్మన్ చదివాను. మా నస్పూర్‌లో జర్మన్‌కు గిరాకీ లేదు. కరీంనగర్‌లో కరుణాకర్ సార్ సెంటర్ దొరికింది. జర్మనీ పోవాలనుకునే నర్సులకు ఆన్‌లైన్‌లో భాష నేర్పిస్తారు. పోయిన బ్యాచ్‌కి లైవ్‌గానే చెప్పాను. బాపు గనిలో నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పగలు పడుకుంటాడు. మా క్వార్టర్లలో నైట్ షిఫ్ట్ మనిషి నిద్రపోతుంటే పక్కింటివాళ్లు కూడా కుక్కర్ పెట్టరు. నేను చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని చెప్తే, ఎనర్జీ లేదు మేడం అని సార్ గోల. పాస్టర్ గారిని బతిమాలి సండే స్కూల్ గది తాళం తీసుకుని, అక్కడి నుంచి గొంతెత్తి చెప్పాను. సార్ అన్నీ రికార్డ్ చేయించాడు.

ఈ బ్యాచ్‌కి ఆ రికార్డింగులనే లైవ్ అని నడుపుతున్నాడు. పాత స్టూడెంట్ల గొంతులు తీసేయించాడు. వాళ్లు జవాబు చెప్పినంతసేపు తెర మీద నేను తల ఊపుతూ ఉంటాను. తర్వాత జేర్ గూట్, చాలా బాగుంది అంటాను. కొత్తవాళ్ల మైకులన్నీ సెంటర్‌వాళ్లే మూసి ఉంచుతారు. మీ గొంతు ఒకరిది ఒకరికి వినపడదు, మేడం ఒక్కరికే వినపడుతుంది, గట్టిగా చెప్పండి అని మొదటిరోజే సార్ చెప్పాడు. నాకు మిగిలిన పని చాట్‌లో డౌట్లకు టైప్ చేయడం.

తెర మీద నేను మాట్లాడుతుంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నేనే వింటాను. అవ్వ చూస్తున్నది దాన్ని.

జూన్ 12, గురువారం

తెర మీద ఉన్నామెకు మరీ అంత సంతోషం ఎందుకో.

జూన్ 17, మంగళవారం

నవత అని ఒక స్టూడెంట్ చాట్‌లో నంబర్ అడిగితే ఇచ్చాను. హుస్నాబాద్ ఆమె. కరీంనగర్‌లో ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో నర్సు. భర్త మస్కట్‌లో పని పోయి వాపసు వచ్చాడు. వచ్చే నెల హైదరాబాద్‌లో జర్మన్ పరీక్ష. ఈసారి స్పీకింగ్ పాస్ కాకపోతే జర్మనీకి పంపే ఏజెన్సీవాళ్లు ఆమె సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

డ్యూటీలో ఉన్నా పొద్దున పదింటి క్లాసుకు దుప్పట్లు పెట్టే గదిలోకి పోయి, తలుపు వేసుకుని, ఫోన్‌కు జవాబులు చెప్తుందట. ఎట్ల చెప్తున్ననో వినుండ్రి మేడం అని ఒక క్లాసు ఆడియో పంపింది. మీరెక్కడ ఉంటారు అని నేను జర్మన్‌లో అడుగుతున్నాను. ఆమె తన వయసు చెప్తోంది. నేను జేర్ గూట్ అంటున్నాను. ఆమె సన్నగా నవ్వుకుంటోంది.

మీరు గుడ్ అన్నప్పుడల్ల పానం లేసొస్తది మేడం అని కింద రాసింది.

రెండోసారి వినలేకపోయాను.

జూన్ 18, బుధవారం

సార్‌కి ఫోన్ చేశాను, వారంలో ఒక్క గంటైనా స్పీకింగ్ లైవ్‌గా పెడదామని. అందరి మైకులు తెరిస్తే అది క్లాసా, కూరగాయల మార్కెటా మేడం అని నవ్వాడు. మీరు పరేషాన్ గాకుండ్రి, వీడియోల మస్తు చెప్పిండ్రు, గంత మంచిగ ఇప్పుడు మీరు గూడ చెప్పలేరు అన్నాడు.

మెచ్చుకోలుగానే అన్నాడు.

జూన్ 21, శనివారం

సండే స్కూల్ గది నుంచి నవతకు వీడియో కాల్ చేశాను. నా అంతట నేను. వాక్యం వాక్యం ఆపి సరిచేశాను. మొదట హుషారుగా చెప్పింది. ఆపినకొద్దీ గొంతు సన్నబడింది. చివరికి ఊరికే నా ముఖం చూస్తూ కూర్చుంది. క్లాసుల మీరు గిట్ల ఉండరు మేడం, ఇయ్యాల ఎందుకో జర గరం మీదున్నరు అన్నది.

జూన్ 22, ఆదివారం

నవత ఫోన్ ఎత్తలేదు.

జూన్ 25, బుధవారం

ఇవాళ నవత ఫోన్ ఎత్తింది. చెప్పేశాను. అది రికార్డింగ్ నవతా, క్లాసులో నీ గొంతు నాకు ఎప్పుడూ వినపడలేదు అన్నాను.

మొన్న నేను చెప్పంగనే మీరు నవ్విండ్రు గద మేడం, నేను సూడలేదా అన్నది. ఆ నవ్వు నాకు తెలుసు. పాత బ్యాచ్‌లో లిడియా ఏదో జోక్ వేస్తే నవ్వాను. అదీ చెప్పాను. నాకు రాదని చెప్పుండ్రి, పడ్త, గని గిసొంటి అబద్ధాలెందుకు మేడం అని పెట్టేసింది.

జూన్ 26, గురువారం

చాట్‌లో అందరికీ రాశాను: ఇది లైవ్ కాదు, రికార్డింగ్. సరిగ్గా అప్పుడే తెర మీద నేను, అందరికీ వినపడుతోందా అని అడిగాను. యెస్ మేడం, యెస్ మేడం, యెస్ మేడం. నేను రాసింది ఆ వరదలో పైకి కొట్టుకుపోయింది. ఒకామె మాత్రం నవ్వే బొమ్మ పెట్టింది.

సార్‌కు కోపం కూడా రాలేదు. రాసుకోండ్రి మేడం, ఎవలు నమ్ముతరు, కండ్ల ముందట మీరే ఉంటిరి అన్నాడు.

జూలై 19, శనివారం

నవత స్పీకింగ్‌లో ఫెయిల్. సీటు పోయింది.

తనే ఫోన్ చేసింది. తిడుతుందేమో అనుకున్నాను. తిడితే బాగుండేది. క్లాసుల అన్ని కరెక్టే చెప్పేదాన్ని గద మేడం, గక్కడ ఎదురుంగ మనిషి కూసునేసరికి నోరు పడిపోయింది, నాదే తప్పు అన్నది. భర్త మూడు రోజులుగా మాట్లాడటం లేదట. సార్ కొత్త బ్యాచ్‌లో మళ్లీ కూర్చోమన్నాడట. చెప్పేది ఎవరు అని అడిగిందట. గ్రేస్ మేడమే అన్నాడట. గందుకే ఒప్పుకున్న మేడం అన్నది.

జూలై 21, సోమవారం

లాగిన్ కాలేదు. అయినా పదింటికి తెర మీద క్లాసు చెప్పాను.

మధ్యాహ్నం నవత మెసేజ్. ఇయ్యాల మస్తు మంచిగ చెప్పిండ్రు మేడం.

ఇక లాగిన్ కాను.