పరస్థానం సంచి

ఫహాహీల్,
27-8-1990, సోమవారం.

మహబూలాలో ఉన్న వదినగారు తిరుపాలమ్మగారికి,

సుబ్బనరసమ్మ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేము నలుగురం క్షేమం. దేశం మాత్రం క్షేమంగా లేదు. ఈ నెల రెండో తేదీన ఇరాక్ సైన్యం వచ్చి కువైట్‌ను పట్టుకున్న సంగతి మీకూ తెలిసిందే. ఆ రోజు కూడా నేను మేడ మీద నూట ఎనిమిది చుట్లు నడిచాను. దేశాలు చేతులు మారుతుంటాయి. మోకాళ్ళు మారవు.

మీరు మామా అని పిలిచే మీ యజమానురాలి కుటుంబం లండన్ నుంచి రాలేదు, ఇల్లు వదిలి మీరు రాలేరు. అందుకని నిన్న జరిగిన మన మనవరాలు దేవిక అన్నప్రాసన గురించి జరిగినది జరిగినట్టు రాస్తున్నాను. పాయసం చక్కెర లేకుండా నేనే వండాను. దేవిక మొదటి ముద్దను వాళ్ళ నాన్న చొక్కా మీద ఉమ్మింది. రెండో ముద్దను నా మీద ఉమ్మింది. మూడో ముద్ద మింగింది. అలవాటంటే ఇలాగే పట్టుబడుతుంది.

తరువాత పళ్ళెంలో పుస్తకం, కలం, బంగారం బదులు మా అబ్బాయి రామాంజనేయులి ఇఖామా కార్డు, అదే ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి, పెట్టి పిల్లను వదిలాము. వేటినీ చూడలేదు. పాక్కుంటూ నేరుగా గూట్లో ఉన్న మీ బిస్కెట్ల డబ్బా దగ్గరికి వెళ్ళింది. ఎవరి పోలికో నేను రాయను.

ఆ డబ్బా మీరు టాక్సీ నూర్ మహమ్మద్ చేత పంపినదే. అందులో నలభై క్రీము బిస్కెట్లు ఉన్నాయి. నిన్ననే లెక్కపెట్టి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఈ నెల రోజుల్లో మనింట్లో అన్నప్రాసన, వినాయక చవితి, మీ కూతురి మూడో పెళ్ళిరోజు, మీ అల్లుడి ముప్పై అయిదో పుట్టినరోజు వచ్చాయి. నాలుగింటికీ నాలుగు తీపివంటలు చేసుకుంటే అయిదో వేడుక ఆసుపత్రిలో చేసుకోవలసి వస్తుంది. మీరు కూడా చక్కెర మాని నడక మొదలుపెట్టండి. రోజూ సాయంత్రం ఒక పుస్తకంలో మూడు కృతజ్ఞతలు రాయండి. నేను పదకొండేళ్ళుగా రాస్తున్నాను. రక్తపోటు లేదు.

ఇట్లు,
సుబ్బనరసమ్మ,
ప్రధానోపాధ్యాయిని (విశ్రాంత), రాజంపేట.

తా.క. నిన్న మేడ మీద నడుస్తుంటే ఎదురు మిద్దె మీది ఇరాకీ సిపాయి తుపాకి చూపించి ఏదో అరిచాడు. "అరవై రెండు అయ్యాయి నాయనా, ఇంకా నలభై ఆరు ఉన్నాయి" అని వేళ్ళతో చూపించాను. కూర్చున్నాడు. క్రమశిక్షణ ఏ భాషలో చెప్పినా అర్థమవుతుంది.


మహబూలా,
29-8-1990.

వదినగారి పాదాలకు,

తిరుపాలమ్మ దండాలు పెట్టి రాసుకొనే సంగతులు. మీ జాబు అందింది. రెండుసార్లు చదివినాను. నాది అయిదో తరగతి చదువు, తప్పులుంటే ఎర్రసిరాతో దిద్ది పంపవద్దు. పోయినసారి పంపినారు.

చక్కెర లేని పాయసం బిడ్డ ఉమ్మేసిందంటే అది తెలివైన బిడ్డ. దాని నోటికి రుచి తెలుసు. ఎవరి పోలికో నేనూ రాయను.

మీరు చెప్పినారు కదా అని నేనూ కృతజ్ఞతలు మొదలుపెట్టినాను. మొన్న సిపాయిలొచ్చి మామా ఇంట్లో టీవీ ఎత్తుకుపోయినారు, సామాన్ల గది చూడలేదు. ఆ గదికి ఒక దండం. నిన్న మళ్ళీ వచ్చి సోఫా ఎత్తుకుపోయినారు, గ్యాసు పొయ్యి వదిలినారు. పొయ్యికి ఒక దండం. ఇంకో వారం ఇట్లే వస్తే దండం పెట్టేదానికి గోడలే ఉంటాయి.

నడక సంగతి. పదకొండేండ్లు ఈ ఇంట్లో మూడు మిద్దెలు ఎక్కి దిగినాను. మామా పిలిస్తే కిందికి, పిల్లోళ్ళు పిలిస్తే పైకి. దాన్ని ఎవరూ ఆరోగ్యం అనలేదు, పని అన్నారు.

నాకు దిగులంతా ఒకటే. ఊరికి పోయేదెట్లా? నా పాస్‌పోర్టు మామా ఇనప్పెట్టెలో ఉంది. వచ్చిన రోజు లోపల పెట్టింది, మళ్ళీ నేను దాని మొహం చూడలేదు.

మీ వదిన,
తిరుపాలమ్మ.

తా.క. బిస్కెట్లకు తాళం వేసినారంట. సద్దాం సైన్యం మీ ఇంటికి వస్తే కష్టపడుతుంది పాపం.


ఫహాహీల్,
1-9-1990, శనివారం.

వదినగారికి,

శుభవార్త. మనవాళ్ళ కమిటీ బస్సులు ఏర్పాటు చేసింది. బస్రా, బాగ్దాదు మీదుగా జోర్డాను చేరితే అక్కడి నుంచి బొంబాయికి విమానం. మన బస్సు పన్నెండో తేదీన. పదో తేదీ సాయంత్రంలోగా ఇక్కడి మనవాళ్ళ పిల్లల బడిలో పాస్‌పోర్టులు చూపించి పేర్లు రాయించుకోవాలి. పాస్‌పోర్టు లేనివారికి కమిటీ కాగితం ఇస్తుందట. చూపించనివారికి సీటు లేదు, తరువాత బస్సు ఎప్పుడో ఎవరికీ తెలియదు.

ఆరో తేదీ నుంచి పెద్దల పక్షం. ఆ పదిహేను రోజులూ ప్రయాణం పనికిరాదని మీకు తెలుసు, బస్సులవాళ్ళకు తెలియదు. కాబట్టి సోమవారం ఉదయం తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకు నూర్ మహమ్మద్ చేత మీ ఇంటికి ఒక సంచి పంపుతున్నాను. భద్రపరచండి. విప్పవద్దు. వివరం మీకు అక్కరలేదనుకుంటాను.

ఒక చేదు విషయం. బిస్కెట్లు ముప్పై మూడే ఉన్నాయి. ఏడు లేవు. తాళంచెవి నా కొంగున ఉంటుంది, స్నానానికి వెళ్ళినప్పుడు మేకుకు ఉంటుంది. ఇంట్లో ఉండేది నలుగురం. పిల్లకు బీరువా అందదు. మా వాడికి తీపి పడదు. నేను ఎవరి పేరూ చెప్పను. మీ కూతురిని మీరే అడగండి.

ఇట్లు,
సుబ్బనరసమ్మ.

తా.క. కోడలు కళావతిని నేను ఏమీ అనలేదు. ఆమె కంచం పక్కన చక్కెర వల్ల కలిగే అనర్థాలు పదమూడు రాసి పెట్టాను, అంతే.


మహబూలా,
4-9-1990.

సుబ్బనరసమ్మగారికి,

ఈసారి వదినా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

సంచి వచ్చింది. విప్పవద్దన్నారు, విప్పినాను. పైన ఏముంది? మూడేండ్ల కిందట నా కూతురి పెండ్లికి నేను రాలేక ఇక్కడి నుంచి పంపించి మీకు పెట్టించిన పెట్టుబడి చీర. నెమలికంఠం రంగు, జరీ అంచు. మడత విప్పలేదు, అంగడి చీటీ కూడా పీకలేదు. పనిమనిషి పెట్టిన చీర హెడ్మాస్టరమ్మ ఒంటికి పనికిరాకపోతే ఆ రోజే చెప్పింటే సరిపోయేది. దేశం తగలబడేటప్పుడు ముహూర్తం చూసి, తొమ్మిదీ పన్నెండుకు నా మొహాన కొట్టాలా?

కింద మీ కృతజ్ఞతల పుస్తకం కూడా ఉంది. మీరు వచ్చిన జూలై నుంచి చదివినాను. నేనూ లెక్కపెట్టినాను, మీ దగ్గర నేర్చుకున్నదే. మీ కుడి మోకాలికి పదకొండుసార్లు ధన్యవాదాలు. జీలకర్ర నీళ్ళకు తొమ్మిదిసార్లు. సూర్యుడికి ఇరవై. ఎదురింటి సిపాయికి కూడా ఒకసారి, కాల్చనందుకు. చంటి బొట్టెకు పాలిస్తా మీకు వేణ్ణీళ్ళు కాచి పెట్టే నా కూతురికి? సున్నా. పైగా దొంగ అన్నారు.

సంచి నూర్ మహమ్మద్‌కే తిప్పి ఇచ్చినాను. మీ చీర మీరే పెట్టుకోండి.

తిరుపాలమ్మ.

తా.క. అనర్థాలు పదమూడంట. మీతో కలిపితే పద్నాలుగు.


ఫహాహీల్,
5-9-1990, బుధవారం.

వదినగారికి,

మీరు నా వృత్తిజీవితంలో ఎవరూ చేయని పొరపాటు చేశారు. అది పరస్థానం సంచి! మంచి ఘడియలో బయలుదేరలేనివారు తమ సంచిని ఆ ఘడియకు పొలిమేర దాటించి, వెళ్ళే దిక్కున ఇంకొకరింట ఉంచుతారు. అప్పుడు ప్రయాణం మొదలైనట్టే లెక్క. తరువాత ఏ రోజున కదిలినా దోషం లేదు. పది రోజులు పనిచేస్తుంది. మూడో తేదీ నుంచి పన్నెండుకు సరిగ్గా పది. మహబూలా మాకు ఉత్తరం, బస్రా కూడా ఉత్తరం. ఇంత పకడ్బందీగా వేసిన లెక్కను మీరు కోపంతో చెరిపేశారు.

పరస్థానంలో కట్టని కొత్త బట్ట పెట్టాలి. నా దగ్గర ఉన్న ఒకే ఒక్క కొత్త చీర మీది. మూడేళ్ళు కట్టకపోవడానికి కారణం, అది మంచి చీర. మంచివి నేను దాస్తాను.

సంచి మళ్ళీ గడప దాటి లోపలికి వస్తే ముహూర్తం చెడుతుంది. అందుకని నిన్న రానివ్వలేదు. నూర్ మహమ్మద్ గుమ్మంలో నిలబడి గొడవ చేశాడు. "టీచరమ్మా, నువ్వు లోపలికి వద్దంటావు. ఆయమ్మ బయటికి పో అంటాది. నా టాక్సీ డిక్కీ ఏమన్నా దీని అత్తగారిల్లా?" అన్నాడు. ప్రస్తుతం సంచి డిక్కీలోనే ఉంది. దయచేసి వెంటనే తిరిగి తీసుకోండి.

ముఖ్యంగా ఒక మాట. మా మామగారు చెప్పేవారు, ప్రయాణానికి ఏది లేకపోతే సాగదో అదే పరస్థానంలో ఉండాలని. కాబట్టి చీర మడతలో నావి, రామాంజనేయులివి, కళావతివి మూడు పాస్‌పోర్టులు పెట్టాను. పిల్ల పేరు తల్లి దాంట్లోనే ఉంది. పదో తేదీకి అవి బడికి చేరాలి.

పుస్తకం సంగతి. కృతజ్ఞత అనేది ఆరోగ్యానికి చేసే వ్యాయామం. ఇంట్లోవారి కోసం కాదు.

ఇట్లు,
సుబ్బనరసమ్మ.

తా.క. బిస్కెట్ల విషయంలో నా అభిప్రాయం మారలేదు.


ఫహాహీల్,
8-9-1990.

వదినా,

నిన్న రోడ్డు మీద సిపాయిలు నూర్ మహమ్మద్‌ను దింపి టాక్సీ తీసుకుపోయారు. సంచి డిక్కీలోనే ఉంది. మీ నుంచి జవాబు కూడా రాలేదు.

రామాంజనేయులు రెండు చెక్‌పోస్టులకు వెళ్ళి అడిగాడు. నవ్వి పంపారు. "అమ్మా, సంచికి ప్రయాణం బాగానే కుదిరింది, మనకే కుదరలేదు" అన్నాడు. వాడు నన్ను ఎదిరించి మాట్లాడటం పుట్టాక ఇదే మొదలు. కళావతి ఎప్పటిలాగే వేణ్ణీళ్ళు కాచి పెట్టింది. అది ఇంకా కష్టంగా ఉంది. పాలపొడి రెండు డబ్బాలే ఉన్నాయి. ముహూర్తం చూసి పిల్లను ఇక్కడ ఇరికించింది నేను.

ఈ రోజు నడవలేదు. పుస్తకం లేదు కనుక ఈ కాగితం మీదే రాస్తున్నాను.

ఒకటి. చీరకు ధన్యవాదాలు. మూడేళ్ళు ఆలస్యం.
రెండు. కళావతికి. వేణ్ణీళ్ళకు, ఇంకా చాలా వాటికి. లెక్క పెట్టలేదు.
మూడు. అలాంటి పిల్లను పెంచినందుకు మీకు.

కమిటీ కాగితం మాకూ ఇస్తారేమో, మీరు వెళ్ళినప్పుడు అడగండి. నాకు ఇంకెవరినీ అడగడం తెలియదు.

సుబ్బనరసమ్మ.

తా.క. ఈ ఉత్తరం తెచ్చే నూర్ మహమ్మద్ టాక్సీ లేక నడిచి వస్తున్నాడు. నడక మంచిదని చెప్పబోయి ఊరుకున్నాను.


మహబూలా,
10-9-1990, రాత్రికి ముందే.

వదినగారి పాదాలకు,

తిరుపాలమ్మ దండాలు. ముందు కూర్చోండి. కూర్చున్నారా?

పాస్‌పోర్టులు నా దగ్గరే ఉన్నాయి. సంచి విప్పిన నిమిషానికే తీసి రవిక లోపల పెట్టుకున్నాను. చీర తిప్పి పంపేంత కోపం వచ్చింది గాని, పాస్‌పోర్టులు టాక్సీ డిక్కీలో వేసేంత రాలేదు. పదకొండేండ్లు నాది ఇంకొకరి ఇనప్పెట్టెలో ఉంది వదినా. దాని విలువ మీకు మీ మామగారు చెప్పినారు, నాకు మామా చెప్పింది.

కోపంలో జవాబు రాయలేదు, సంచీ మళ్ళీ తీసుకోలేదు. శనివారం, ఆదివారం రెండు దినాలు బడి కాడ ఎండలో వరసలో నిలబడినాను. మీ కాగితం శనివారం సాయంత్రమే అందింది. వెంటనే చెప్పి ఉండవచ్చు. కానీ మూడు ధన్యవాదాలు వచ్చినాయి కదా, ఇంకో రెండు వస్తాయేమోనని ఒక దినం చూసినాను. రాలేదు. సరే, మొదటిసారికి మూడు చాలు.

పేర్లు రాయించినాను. నాకు కమిటీ కాగితం ఇచ్చినారు. రాసుకునే ఆయన "ఇంటిపెద్ద ఎవరు?" అన్నాడు. వరసలో నిలబడింది నేనే కాబట్టి నా పేరే చెప్పినాను. పట్టీలో ఇట్లా ఉంది: "సుబ్బనరసమ్మ, వయసు అరవై మూడు, తిరుపాలమ్మ మీద ఆధారపడినవారు." దిద్దేదానికి కుదరదంట. అది ఎర్రసిరాతోనే రాసినారు.

మీ ముహూర్తం కూడా చెడలేదు. పాస్‌పోర్టులు మీ గడప మళ్ళీ దాటలేదు. చీర ఒకటే పోయింది. ఏ సిపాయి పెండ్లామో కట్టుకుంటుంది లెండి. ఆయమ్మయినా కట్టుకుంటుంది, దాయదు.

బుధవారం పొద్దున అయిదుకల్లా బడి కాడికి రండి. మామా ఇంటి తాళాలు పక్కింటి ఈజిప్టు ఆయనకు ఇచ్చినాను. సామాన్ల గదిలో నుంచి బిడ్డకు ఆరు డబ్బాల పాలపొడి తెస్తాండాను. మామా వస్తే నా పదకొండేండ్ల కృతజ్ఞతలో పట్టుకోమని గోడ మీద రాసినాను.

ఇంటిపెద్ద,
తిరుపాలమ్మ.

తా.క. మీ పుస్తకం కూడా తిప్పి పంపలేదు, నా దగ్గరే ఉంది. ఆగస్టు 26 నుంచి సెప్టెంబరు ఒకటి దాకా ఏడు సాయంత్రాలు, ఏడు పేజీల్లో ఒకే మాట ఉంది: "మేడ మీద యాభై నాలుగో చుట్టులో కలిగిన చిన్న ఆనందానికి కృతజ్ఞతలు." మొదట అర్థం కాలేదు. పేజీలు దులిపితే క్రీము బిస్కెట్ల పొడి రాలింది. నా కూతురికి నేను చెప్పను, మీరే చెప్పండి. బస్సులో మన సీట్లు పక్కపక్కనే. నా ఒళ్ళో ఇంకో డబ్బా ఉంటుంది. అందులో ఎన్ని ఉన్నాయో నేను లెక్కపెట్టలేదు.