పన్నెండో పాట

అమ్మాయీ,

ఊపిరాడని మనిషి చేత మూడు నెలలు పాటలు పాడించి రికార్డు చేసుకున్నావు. అది తప్పు. అమ్మే పాడతానంది అంటావు. నువ్వు అడిగితే కాదనే మనిషా ఆమె?

సంతకం పెట్టిన అనుమతి కాగితం టీవీ పక్కన ఉంది. పాడిన మనిషి పోతే భర్త సంతకం కావాలని మీ యూనివర్సిటీ నిబంధనట. గడువు ఈరోజే కాబట్టి మధ్యాహ్నంలోపు ఇచ్చిరా. తిని వెళ్లు. సంతకం పెట్టినంత మాత్రాన మరిచిపోయానని అనుకోకు.

కాగితం మీది పాటల జాబితాలో అయిదో పాట కొట్టేశాను. పెళ్లయిన కొత్తలో నా కోసం కట్టిన పాట అది. దానికి మీ పంతుళ్లు మార్కులు వెయ్యక్కర్లేదు.

"పన్నెండు పాటల్లో ఒక్కటి తగ్గినా ఎమ్మే పట్టా ఇవ్వరే, ఏడాది పోతుంది" అని నీ స్నేహితురాలితో ఫోన్లో అంటుంటే విన్నాను. అందుకే పొద్దున నువ్వు లేవకముందు నీ రికార్డరులో ఒకటి పాడిపెట్టాను. మిల్లులో నూలు చుట్టేటప్పుడు మీ అమ్మ పాడేది. నీకు పాడేలోపే మంచాన పడింది. ఉంటే, "దున్నపోతు గొంతుతో నా పాట చంపావు కదయ్యా" అనేది. పాడినవాళ్ల దగ్గర నా పేరు రాయి, నేర్పింది ఆమె అని కూడా రాయి. నా పాటకు నా అనుమతి కాగితం ఆ మొదటిదాని అడుగున ఉంది.

షిఫ్టుకు వెళ్తున్నాను.

ఇంకో మాట. రెండో చరణం దగ్గర కాసేపు ఆగాను. ఎందుకని అడగకు. ఈ పాటల సంగతి ఇక నా నోట రాదు.

నాన్న