పొన్నచెట్టు ఎత్తు

1961 డిసెంబరు 4, మైపాడు
సముద్రపు గాలి. కాగితం చెమ్మ పట్టి రంగు పాకుతోంది. బాటనీ లెక్చరర్ గారి ఉత్తరం మళ్లీ చదివాను — 'సముద్రం వద్దు, మబ్బులు వద్దు, మనుషులు అసలే వద్దు. పొన్నచెట్టు ఒక్కటే. కింద ఎత్తు రాయండి.' ముప్ఫై ఏళ్లు ప్రకృతి దృశ్యాలు గీసినవాడికి ఇదొక ఆజ్ఞ! సరే, చెట్ల పుస్తకం ఆయనది.

డిసెంబరు 5
ఆకు కుదిరింది. ఈనె నుంచి అంచుదాకా దువ్వెనతో దువ్వినట్టు సన్న గీతలు. పువ్వు తెలుపు, మధ్య పసుపు. కమల ఉంటే తల్లో పెట్టుకునేది.

డిసెంబరు 7
ఎత్తు దగ్గర ఆగిపోయాను. ఏ చెట్టు గీసినా కమల కింద నిలబడేది. చెయ్యి చాచి పెన్సిల్‌తో ఆమెను కొలిచి, చెట్టులో ఎంతమంది కమలలో లెక్కపెట్టేవాణ్ణి. 'తొందరగా కానివ్వండి, కాళ్లు కాలుతున్నాయి...' ఆమె పోయి పది నెలలు.
ఇవాళ ఆమె బదులు గొడుగు పాతాను. పడిపోయింది. మళ్లీ పాతాను. మళ్లీ పడింది. ఛీ.

డిసెంబరు 8
ఎవరితోనూ మాట్లాడలేదు.

డిసెంబరు 9
నేను దిగిన ఇంటామె పోలమ్మ, నూనెకు పొన్నకాయలు ఏరుకుంటూ గొడుగును చూసి నవ్వింది. 'అదేం నిలబడతాది అయ్యోరా? నేను నిలబడతాలే. కదలకూడదు, అంతే గదా?'
తట్ట దించి నిలబడింది. చెట్టు అయిదున్నర పోలమ్మలు. లెక్క కట్టి, బొమ్మ కింద రాసి, పోస్టు చేసేశాను. హాయిగా అనిపించింది.

డిసెంబరు 16
'బొమ్మ అద్భుతం. అచ్చుకు పంపుతున్నాను' — లెక్చరర్ గారి జాబు.
పోలమ్మకు చెబుదామని పిలిచాను. తల బాగా వంచి గుమ్మం దాటింది. కమల ఏ గుమ్మానికీ తల వంచలేదు. ఇరవై ఆరడుగుల ఏడంగుళాలు అని రాశాను. అయిదున్నర సార్లు నాలుగడుగుల పది. అది కమల ఎత్తు. పోలమ్మ ఎత్తు అడగనే లేదు!

డిసెంబరు 17
ఆమెను గోడకు నిలబెట్టి టేపుతో కొలిచాను. అయిదడుగుల ఆరు. అంటే చెట్టు ముప్ఫై అడుగుల మూడంగుళాలు.
'మరి ఎవురి కొలత రాసినారు అయ్యోరా?'
చెప్పాను. నవ్వలేదు. 'ఆయమ్మ ఉండాదనే అనుకున్నారే... అయినా తప్పు తప్పే గదా. దిద్దండి' అంది.

డిసెంబరు 18
కార్డు రాశాను — కమల అంకె బదులు సరైన అంకె, క్షమాపణ. అచ్చుకాకముందే అందాలి. టపా సంచి పదకొండింటికి వెళుతుంది.
కార్డు జేబులో పెట్టుకుని చెట్టు కిందికి వచ్చాను. కమల ఉంటే నిలబడే చోట నిలబడ్డాను. నిజమే, ఇసుక కాళ్లు కాలుస్తోంది.
పన్నెండయింది. కార్డు ఇంకా జేబులోనే...