ఎనిమిది చుక్కలు

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం సోమవారం అందింది. ఇద్దరికీ ఒకేసారి అయిదో నెల అని మా స్కూలంతా చెప్పుకుని తిరిగాను. ల్యాబులో ఆసిడ్ల వాసన పడట్లేదని హెడ్మిస్ట్రెస్ గారు నన్ను ఆసిడ్లు కొలిచే, గాజు సామాను కడిగే పని నుంచి తప్పించి, సీసాలకి చీటీలు అంటించే పని ఇచ్చారు.

ఆరోగ్య కేంద్రంలో నాకు ఇచ్చినవి ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు. అంతే. నీకేమో కంపెనీ క్లినిక్‌లో రోజుకో పల్లీ ముద్ద ప్యాకెట్, అందులో ఇరవై రకాల విటమిన్లు, పైగా నెలనెలా నీ పొట్ట కొలవడానికి ఒక మనిషి. పుట్టాక బిడ్డకి కూడా పెడతారట, ఎంత ఎదిగిందో పరీక్షలు చేస్తారట. చదివి సంతోషించాను అని రాయాలి. రాస్తే అబద్ధమవుతుంది. నాకు కడుపు మండింది అక్కా. పాపం, ఆ కడుపులోనే నా బిడ్డ కూడా ఉంది.

బయటివాళ్లకి ఇస్తారేమో ఒకసారి అడిగి చూడు.

నీ కుళ్లుబోతు
చెల్లి

*

నా బంగారు చెల్లికి,

అడిగాను. ఇవ్వరట. ప్యాకెట్లు పంచే ఆవిడ ఎదురుగానే తినాలి, ఖాళీ కవరు ఆవిడ చేతికే ఇవ్వాలి. దాచి పంపుదామన్నా కుదరదు.

మా చొక్కాల కంపెనీలో, కాలర్లు కుట్టే మా లైన్‌లో నలుగురం కడుపుతో ఉన్నాం. పదకొండింటికి మిషన్లు ఆపి మమ్మల్ని పిలుస్తారు. మిగతావాళ్లు మెడలు తిప్పి చూస్తారు. నన్ను అలా చూసేవాళ్లు ఇంతవరకు లేరు. మనింట్లో గుడ్డు ఒకటే ఉంటే చదువుకునే పిల్లవని అమ్మ నీకే పెట్టేది, గిన్నె నేను కడిగేదాన్ని. ఈ ఒక్కసారికి గుడ్డు నాకు వచ్చిందనుకోవే.

నీ మాత్రలు మానకు. అవీ మంచివేనని ప్యాకెట్ ఆవిడే చెప్పింది.

ప్రేమతో
అక్క

*

ప్రియమైన అక్కా,

మా చిట్టికి ఏడో నెల వచ్చింది. నీ బుడ్డోడు దానికంటే తొమ్మిది రోజులే పెద్ద. తొమ్మిది రోజుల్లో ఇంత తేడా ఎలా వస్తుందో నాకు అర్థం కాదు. అయిదు నెలలు నిండగానే కూర్చున్నాడని రాశావు. క్లినిక్ పరీక్షలో ఎర్ర రింగుని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటున్నాడని రాశావు. మా చిట్టికి రింగు ఇస్తే నోట్లో పెట్టుకుని దిండు మీదకి ఒరిగిపోతుంది.

నర్సు తూచి బరువు బాగుందంది, రక్తమే కొంచెం తక్కువని ఐరన్ చుక్కలు రాసింది. రోజుకి ఎనిమిది. నీ ఉత్తరాలు మా ఆయన పైకి చదువుతుంటే నేను వంటింట్లోకి వెళ్లిపోతున్నాను. మొన్న, మీ అక్క కొడుకు పెద్ద ఇంజినీరు అవుతాడోయ్ అన్నారు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

వాడిని చూడాలనుంది. చూడకూడదనీ ఉంది.

నీ
చెల్లి

*

చెల్లికి అక్క ముద్దులు,

వాడికి తొమ్మిది నెలలు నిండాయి. నిన్న క్లినిక్‌లో ప్యాకెట్ ఆవిడ బల్ల మీద చెక్క బిళ్ల పెట్టి, దాని మీద కప్పు బోర్లించింది. కప్పు ఎత్తి బిళ్ల తీసేశాడు. ఆవిడ నమ్మలేక మళ్లీ చేయించి రాసుకుంది. గోడ పట్టుకుని నిలబడుతున్నాడు. నన్ను చూసి 'అమ్మ' అంటున్నాడు. అంతా ఆ ముద్ద మహిమేనని లైన్‌లో ఒకటే మాట.

చిట్టి ఇంకా కూర్చోలేదా? కంగారు పడకు, అలాగని మరీ ఊరుకోకు కూడా. మీ నర్సుని గట్టిగా అడుగు. సెలవులకి వద్దామనుకున్నాం గానీ ఆర్డర్లు మీద పడ్డాయి. ఫోటో తీయించగానే పంపుతాను.

నీ
అక్క

*

అక్కా,

నెలన్నర నుంచి రాయలేదని అలిగాననుకుని ఉంటావు. అలక కాదు.

కప్పు సంగతి చదివిన రోజే చిట్టికి ఎనిమిది చుక్కలు పదహారు చేశాను. వారం పోయాక రోజుకి ఇరవై నాలుగు చేశాను. సీసా తొందరగా అయిపోతే ఇంకోటి తెచ్చాను. ల్యాబు నుంచి కొత్త డ్రాపర్ తెచ్చుకుని మరీ వేశాను, ఒక్క చుక్క తేడా రానివ్వలేదు. కొలవడమే కదా నా ఉద్యోగం. మా ఆయనకి చెప్పలేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం పాలు తాగి కక్కుకుంది. మళ్లీ మళ్లీ కక్కుకుంది. తర్వాత పిలిస్తే పలకలేదు, చెయ్యి ఎత్తి వదిలితే అలాగే పడిపోయింది. పక్కింటావిడ కారులో ఆసుపత్రికి తీసుకెళ్లాం. రోజుకి ఎన్ని చుక్కలు వేస్తున్నారని డాక్టరు అడిగాడు. ఎనిమిది అన్నాను. అక్కా, బిడ్డ అలా పడి ఉంటే కూడా నేను ఎనిమిది అన్నాను. ఆయన నా మొహం చూసి మళ్లీ అడిగాడు. అప్పుడు చెప్పాను.

అయిదు రోజులు ఉంచుకున్నారు. ఇప్పుడు బాగుంది. నాలుగో రోజు మంచం మీద తనంతట తానే కూర్చుని, డాక్టరు మెడలో గొట్టం పట్టుకుని లాగింది. వేళ్లు విడదీసినా వదల్లేదు. ఇది వెనకబడిన పిల్ల కానే కాదు, మొదటి నుంచీ తన సమయానికే అన్నీ చేస్తోంది అన్నాడాయన. తర్వాత నెమ్మదిగా అడిగాడు, "దీన్ని ఎవరితో పందెం పెట్టారమ్మా?"

ఆయనకి చెప్పలేదు. నీకు చెబుతున్నాను. నీ కొడుకుతో.

ఇక మీదట వాడు ఏం చేశాడో నాకు రాయకు. వాడి మీద ప్రేమ లేక కాదు. నా మీద నాకు నమ్మకం లేక.

చెల్లి

*

నా చెల్లికి,

నీ ఉత్తరం భోజనాల గంటలో చదివాను. మళ్లీ మిషన్ దగ్గరికి వెళ్లలేకపోయాను.

కప్పు ఎత్తింది మా వాడు కాదు. మా లైన్‌లో గుండీలకి కాజాలు కుట్టే ఆవిడ కూతురు. రింగు మార్చుకున్నదీ, గోడ పట్టుకుని నిలబడిందీ, అన్నీ ఆ పిల్లే. నేను పక్క బల్ల మీద మా వాడిని పడుకోబెట్టుకుని చూశాను. ఇంటికొచ్చి నీకు రాశాను.

మా వాడు ఇంకా కూర్చోలేదు. మెడ నిలిచి నెలే అయింది. ఒక్క ప్యాకెట్ వదల్లేదు చెల్లీ, కవరుకి అంటుకున్నది కూడా వేలితో తీసి నాకాను. వాడికి ఇచ్చినవన్నీ వాడికే పెట్టాను. మీ బావ, ఎక్కడో నువ్వే తప్పు చేసుంటావు అన్నారు. క్లినిక్ డాక్టరు అన్నది ప్యాకెట్ ఆవిడ ఆయన్ని కూర్చోబెట్టి చెప్పింది. తిండి చేయాల్సింది తిండి చేసిందట. వాడి కండరాల్లో పుట్టుకతోనే బలం లేదట, అది నేను తిన్నదాని వల్లా తిననిదాని వల్లా వచ్చింది కాదట. రోజూ కాళ్లూ చేతులూ ఆడించాలి. ఎంతవరకు కోలుకుంటాడో ఇప్పుడే చెప్పలేమంది.

కడుపు మండిందని నువ్వు రాసిన ఆ మొదటి ఉత్తరం ఎన్నిసార్లు చదువుకున్నానో. బుద్ధెరిగాక నువ్వు నన్ను చూసి కుళ్లుకోవడం అదే మొదలు. అది ఎక్కడ పోతుందో అని, ఉన్నవీ లేనివీ రాసుకుంటూ పోయాను. నీ చేతిలో సీసా ఉందని నాకు తట్టలేదు.

ఇంకొకటి కూడా నీకు తెలియాలి. చిట్టి గొట్టం లాగిందని రాశావే, ఆ మాట దగ్గర నేను ఏడవాలి. పిల్ల దక్కిందని సంతోషించాలి. ముందు నాకు వచ్చింది ఆ రెండూ కాదు. దాని చేతిలో అంత పట్టు ఉందా అనిపించింది. ఆ తర్వాతే ఏడ్చాను.

శనివారం సెలవు పెట్టాను. మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాం, నేనూ వాడూ. వద్దని నువ్వు రాసినా అది అందేలోపు మేం బయల్దేరిపోతాం. గుమ్మంలో నన్ను పలకరించకపోయినా ఫరవాలేదు. వాడిని మాత్రం తీసుకో. ఎత్తుకునేటప్పుడు వీపుకి చెయ్యి ఆనించు, వెనక్కి వాలిపోతాడు.

అక్క