కొల్లేటి లేతగడ్డి

ఏలూరు, బుధవారం

నాన్నగారికి దేవకుమారి వందనాలు. ట్రైనింగు స్కూల్లో కులాసాగానే ఉన్నాను గాని, మనసంతా మన గేదె దగ్గరే ఉంది. నేను డబ్బాలో తెచ్చిన పేడను పశువుల ఆస్పత్రి డాక్టరుగారు మైక్రోస్కోపులో చూశారు. కడుపునిండా పురుగులేనట.

“మేత ఏం వేస్తున్నారమ్మా?” అన్నారు.

“నీరసపడిందని కొల్లేటి ఒడ్డున లేతగడ్డి కోసి వేస్తున్నామండీ.”

“ఆ తడిగడ్డిని నత్తలు పట్టుకుని ఉంటాయి. ఈ పురుగు వాటి నుంచే వస్తుందమ్మా.”

ఇకమీదట ఎండుగడ్డి, నూతినీళ్లే పెట్టండి. మందు కోసం శనివారం మీరే రావాలి. దూడ పాలు తాగుతోందా? వచ్చేటప్పుడు నా దుప్పటి తీసుకురండి. ప్రభువు మీకు తోడుగా ఉండాలి.

బయల్దేరేటప్పుడు, రోజుకు రెండు మోపుల లేతగడ్డి వేస్తానని అమ్మచేత మాట తీసుకున్నాను. అమ్మ మాట తప్పే మనిషి కాదు. ఈ కార్డు చేరేదాకా అదే నా భయం.